స్క్రిమేజ్‌కి కూడా హెడ్‌సెట్లా? కోచ్‌లు కాస్త గ్రౌండ్‌లోకి దిగొచ్చు కదా

ఫ్రిస్కో_నాన్న:
డాలస్ వైపు ఉండేవాళ్ళకి ఆగస్టు సంగతి తెలుసు కదా, సాయంత్రం ఏడు దాటినా స్టాండ్స్‌లో ఆ అల్యూమినియం బెంచీ మీద కూర్చుంటే పెనం మీద అట్టులా ఉంటుంది పరిస్థితి. నిన్న అలాగే కూర్చుని మావాడి మొదటి స్క్రిమేజ్ చూశాను. (కొత్తవాళ్ళకి: అమెరికన్ ఫుట్‌బాల్‌లో సీజన్ మొదలయ్యే ముందు పక్క స్కూల్‌తో ఆడే ప్రాక్టీస్ ఆట. గెలుపోటములు లెక్కలోకి రావు. ఒక్కో టీమ్‌కి వరసగా ఇన్ని ప్లేలు, అంటే ముందే అనుకున్న ఎత్తులు, అని ఇచ్చి, చివర్లో కాసేపు నిజం మ్యాచ్‌లా ఆడిస్తారు.) మావాడు రెండో క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపించేవాడు), అంటే మొదటివాడికి దెబ్బ తగిలితే తప్ప సీజన్‌లో వాడికి పని లేదు, అందుకని నిన్న దొరికిన పన్నెండు ప్లేలే వాడికి పండగ.

పోయినేడాది దాకా స్క్రిమేజ్ అంటే కోచ్‌లు గ్రౌండ్‌లోనే, మన పిల్లల వెనక ఓ పదిహేను గజాల దూరంలో నిలబడేవాళ్ళు. తప్పు చేస్తే విజిల్, భుజం పట్టుకుని "నీ కాలు ఇక్కడ ఉండాలి" అని చూపించడం, మళ్ళీ ఆడించడం. ఈసారి కొత్త కోఆర్డినేటర్ (ప్లేలు ఎంచే కోచ్) స్టాండ్స్ పైనున్న గదిలో, అదే ప్రెస్ బాక్స్‌లో కూర్చున్నాడు. కింద సైడ్‌లైన్‌లో నలుగురికి హెడ్‌సెట్లు. పైనుంచి ఆయన చెప్తాడు, కింద ఒకాయన వింటాడు, పక్కనున్న కుర్రాడికి చెప్తాడు, ఆ కుర్రాడు చేతులతో సైగలు చేస్తాడు, మావాడు మెడ రిక్కించి చూస్తాడు. పన్నెండింట్లో మూడు ప్లేలు "ఏంటి? మళ్ళీ చెప్పు" దగ్గరే పోయాయి. ఒకదాంట్లో అయితే వీడు బంతి పట్టుకుని ఎడమకి తిరిగాడు, అందుకోవాల్సిన వాడు కుడికి పరిగెత్తాడు.

స్కోరే లేని ఆటకి ఈ తతంగం ఎందుకండీ? మా ఆవిడ మాత్రం "మనవాడు బాగా ఆడుంటే ఈ ప్రశ్న నీకు వచ్చేదా" అంటోంది. రాకపోయేదేమో, ఒప్పుకుంటాను.

టచ్‌డౌన్_బావ:
అన్నా, మీరు చెప్పిన ఆ మూడు ప్లేలే హెడ్‌సెట్ ఎందుకో చెప్తున్నాయి. పైనుంచి కిందికి, కింద నుంచి సైగకి, సైగ నుంచి పిల్లాడికి మాట చేరడంలో ఎక్కడో తెగింది. అది ఆగస్టులో తెగితే మీకు చిరాకు, సెప్టెంబరులో తెగితే మ్యాచ్ పోతుంది. పెళ్ళిలో మైక్ టెస్టింగ్ ముహూర్తానికి చెయ్యరు కదా! స్క్రిమేజ్ పిల్లలకే కాదు, కోచ్‌లకి కూడా ప్రాక్టీసే. పైగా కొత్త కోఆర్డినేటర్ అంటున్నారు, ఆయన మాట ఎంత వేగంగా వస్తుందో, ఎంత పొడుగ్గా చెప్తాడో కిందాయనకి ఇంకా అలవాటు కాలేదు. హెడ్‌సెట్లో నలుగురూ ఒకేసారి మాట్లాడితే చేపల మార్కెట్టే, ఎవరు ఎప్పుడు నోరు మూసుకోవాలో కూడా నేర్చుకోవాలి.

ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో కూడా ప్రీసీజన్ మ్యాచ్‌లలో (2021 నుంచి టీమ్‌కి మామూలుగా మూడే) ఈ పనే చేస్తారు, కొత్తగా ప్లేలు పిలిచే కోచ్‌కి అక్కడే చెయ్యి తిరగాలి.

కొత్త_కాపురం_ఆస్టిన్:
తెలియక అడుగుతున్నాను, తిట్టకండి. కోచ్ మాట నేరుగా పిల్లాడి హెల్మెట్‌లో వినపడదా? టీవీలో హెల్మెట్ వెనక పచ్చ చుక్క ఉన్నవాడికి వినపడుతుందని మా రూమ్మేట్ అన్నాడు.

పాత_లెక్కల_పంతులు:
మీ రూమ్మేట్ చెప్పింది నిజమే కానీ అది వేరే సంగతి, ఈ రెండూ కలిపేసుకుంటే చర్చ ఎటో పోతుంది. హెడ్‌సెట్ అంటే కోచ్‌కీ కోచ్‌కీ మధ్య. పచ్చ చుక్క అంటే కోచ్ నుంచి ఆటగాడికి. ఎన్ఎఫ్ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోకి రేడియో 1994లో వచ్చింది, డిఫెన్స్‌లో ఒకడికి 2008లో. ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే గడియారం, అదే ప్లే క్లాక్, 15 సెకన్లకి రాగానే మాట కట్ అయిపోతుంది, ఆ తర్వాత వాడి తెలివే వాడికి దిక్కు. పెద్ద కాలేజీల్లో దీన్ని 2024 సీజన్‌కి ఒప్పుకున్నారు. దానికి ముందు ఏడాదే మిషిగన్ యూనివర్సిటీ గొడవ జరిగింది: అక్కడి ఉద్యోగి ఒకతను ముందు ముందు ఆడబోయే టీమ్‌ల సైగల్ని వాళ్ళ మ్యాచ్‌లకి మనుషుల్ని పంపి ఫోన్లలో తీయించాడని ఆరోపణ, హెడ్ కోచ్ జిమ్ హార్బాని కాన్ఫరెన్స్ (ఆ కాలేజీ ఆడే లీగ్) వాళ్ళు మూడు మ్యాచ్‌లు పక్కన పెట్టారు. అయినా ఆ సీజన్ టైటిల్ వాళ్ళదే, అది వేరే కథ.

అసలు ఈ ఆలోచన చాలా పాతది. 1956లోనే క్లీవ్‌లాండ్ కోచ్ పాల్ బ్రౌన్ తన క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో రేడియో పెట్టించాడు. ఆ ఏడాదే ఎన్ఎఫ్ఎల్ కమిషనర్ బెర్ట్ బెల్ వద్దనేశాడు. అంటే కుదరదన్న దగ్గర్నుంచి సరే అనడానికి 38 ఏళ్ళు.

మన పిల్లల హెల్మెట్లలో మాత్రం స్పీకర్లు లేవు. అందుకే ఆ సైగలు, బొమ్మల బోర్డులు, మణికట్టుకి ప్లేల నంబర్ల చీటీలు.

హోవ్_1999:
రేడియో, చెవి అనగానే నాకు గుర్తొచ్చేది ఒకటే. 1999 ప్రపంచకప్, హోవ్‌లో మనకీ దక్షిణాఫ్రికాకీ మ్యాచ్. వాళ్ళ కెప్టెన్ క్రోనియే చెవిలో ఇయర్‌పీస్, పెవిలియన్‌లో కోచ్ వూమర్. డ్రింక్స్ బ్రేక్‌లో రిఫరీ తీయించేశాడు. ఆ రోజు మన కెప్టెన్ మన హైదరాబాదీ అజరుద్దీనే, ఆయన చెవిలో ఎవరూ లేరు. మ్యాచ్ వాళ్ళే గెలిచారనుకోండి. చెప్పొచ్చేదేంటంటే, చెప్పించుకుని ఆడేది ఆటేనా?

టచ్‌డౌన్_బావ:
అన్నా, క్రికెట్‌లో కెప్టెన్‌దే నిర్ణయం, అందుకే అక్కడ తప్పనిపించింది. ఫుట్‌బాల్‌లో ప్లే పిలిచేది మామూలుగా కోచే. హడిల్‌లోకి (ప్లేకి ముందు ఆటగాళ్ళు గుమిగూడే చోటు) ఆటగాణ్ణి మార్చి పంపి కబురు చెప్పించే రోజుల నుంచీ అంతే. ఇక్కడ ప్రశ్న చెప్పాలా వద్దా అని కాదు, పైనుంచి చెప్పాలా పక్క నుంచి చెప్పాలా అని.

బూస్టర్_క్లబ్_అమ్మ:
నేనూ ఇలాంటి స్క్రిమేజ్‌లోనే ఉన్నాను, స్టాండ్స్‌లో కాదు, నీళ్ళ క్యాన్ల దగ్గర. ఒక మాట చెప్తాను. మా లైన్ కోచ్ హెడ్‌సెట్ పెట్టుకుని నిలబడ్డాడు, చెవి దగ్గర స్పాంజి చెమటకి నానిపోయి కారుతోంది, ఆయన మైకు ముక్కు పైకి నెట్టేసి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని మామూలుగానే అరిచాడు. పిల్లలకి వినపడింది కూడా ఆ అరుపే! పైనున్నాయన "నువ్వు అరుస్తుంటే నా చెవులు పోతున్నాయి" అన్నాడట, తర్వాత చెప్పుకుని నవ్వుకున్నారు.

ఆ సెట్లు కొన్నదీ, బ్యాటరీలు చార్జింగ్ పెట్టేదీ మా బూస్టర్ క్లబ్ (టీమ్‌కి సాయం చేసే తల్లిదండ్రులం) వాళ్ళమే, కాబట్టి వాడొద్దు అనడానికి నాకు మనసు ఒప్పదు. కానీ చిన్నపిల్లల జట్టు ఆడినప్పుడు హెడ్‌సెట్లు లేవు, కోచ్ వాళ్ళతోపాటే గ్రౌండ్‌లో తిరిగాడు. మా చిన్నాడు ఇంటికొచ్చి నాలుగు విషయాలు చెప్పాడు ఏం నేర్చుకున్నాడో. పెద్దాడు "బానే ఉంది" అన్నాడు. పదహారేళ్ళవాడు ఎలాగూ అంతే అంటాడులెండి.

పాత_లెక్కల_పంతులు:
ఇంకో కోణం. హెడ్‌సెట్ పోయినప్పుడు ఏం చేస్తారో కూడా ప్రాక్టీస్ చెయ్యాలి కదా. ఎన్ఎఫ్ఎల్‌లో ఒక టీమ్ కోచ్‌ల హెడ్‌సెట్లు చచ్చిపోతే రెండో టీమ్ కూడా తీసెయ్యాలని రూలే ఉంది. 2015 సీజన్ మొదటి మ్యాచ్‌లో, న్యూ ఇంగ్లండ్ టీమ్ సొంత గ్రౌండ్ ఉన్న ఫాక్స్‌బరోలో, పిట్స్‌బర్గ్ కోచ్‌ల చెవుల్లోకి ప్లేలకి బదులు న్యూ ఇంగ్లండ్ వాళ్ళ రేడియో కామెంటరీ వచ్చింది. అంత డబ్బున్న చోటే అలా అయితే స్కూల్ స్టేడియంలో ఎప్పుడైనా కావచ్చు. కాబట్టి సగం హెడ్‌సెట్‌తో, సగం లేకుండా.

మాజీ_క్వార్టర్‌బ్యాక్:
ఇక్కడ ఆడినవాడు ఎవరూ లేనట్టున్నారు, అందుకని రాస్తున్నా. నేను ఇక్కడే పుట్టి పెరిగాను, తెలుగు తప్పులుంటే సర్దుకోండి. హైస్కూల్లో రెండేళ్ళు క్వార్టర్‌బ్యాక్ ఆడాను. అంకుల్, కోచ్ వెనక నిలబడితే బాగుంటుందని మీకు అనిపిస్తుంది కానీ ఆడేవాడికి అది వేరేగా ఉంటుంది. ఆయన నా వెనకే ఉన్నాడంటే నేను ఎదురుగా ఉన్న లైన్‌బ్యాకర్లని (అవతలి జట్టు డిఫెన్స్‌వాళ్ళు) చూడ్డం మానేసి, వెనకాయన ఏమంటాడో అని చెవులు అటు పెట్టేవాణ్ణి. తప్పు చేస్తే ఎలాగూ ఆపుతాడులే అన్న ధీమా. మొదటి అసలు మ్యాచ్ రోజు వెనక్కి తిరిగి చూస్తే రిఫరీ ఉన్నాడు. ఒక్కసారిగా టెన్షన్ వచ్చేసింది.

సైడ్‌లైన్ నుంచి సైగ అందుకుని, సగం అర్థమైనా పది మందికీ గట్టిగా చెప్పేసి, క్లాక్ అయిపోయేలోపు ఆడించడం... ఆ పనే క్వార్టర్‌బ్యాక్ పని. మీవాడు ఎడమకి తిరిగాడన్నారే, సైగ తప్పుగా చూసి ఉండొచ్చు, లేదా వాడు సరిగ్గానే చూసి రెండోవాడు తప్పు చేసి ఉండొచ్చు. వాణ్ణి అడిగారా?

ఫ్రిస్కో_నాన్న:
అడగలేదు బాబూ. కారులో నేనే మాట్లాడాను, వాడు విన్నాడు.

హోవ్_1999:
ఇది మాత్రం హెడ్‌సెట్ కంటే పెద్ద సమస్య.

ఫ్రిస్కో_నాన్న:
(వారం తర్వాత) రెండో స్క్రిమేజ్ అయింది, అడిగినవాళ్ళ కోసం రాస్తున్నాను. కోఆర్డినేటర్ మళ్ళీ పైనే. కానీ రెండో జట్టు ఆడినంతసేపూ ఒక కోచ్ హెడ్‌సెట్ లేకుండా గ్రౌండ్‌లోకి వచ్చాడు, వెనక కాదు, పక్కకి, పిల్లల చూపుకి అడ్డం రాకుండా. మనం వాదించుకున్నట్టే వాళ్ళూ వాదించుకున్నారేమో. నా అభిప్రాయం ఇప్పటికీ పూర్తిగా మారలేదు, మొదటి స్క్రిమేజ్‌కి కోచ్ గ్రౌండ్‌లోనే ఉండాలి, రెండోదానికి పైకి ఎక్కాలి, వీళ్ళు తిరగేసి చేశారు.

చివర్లో మ్యాచ్‌లా ఆడించినప్పుడు మాత్రం అందరూ సైడ్‌లైన్ అవతలే. మావాడు ఒకసారి అటు చూశాడు, మళ్ళీ ఎదురుగా చూశాడు, చేత్తో ఏదో చూపించి రన్నింగ్‌బ్యాక్‌ని (బంతితో పరిగెత్తేవాణ్ణి) అటు నుంచి ఇటు మార్చాడు, ఆరు గజాలు వచ్చాయి. నా పక్కనున్న తెల్లాయన నా వీపు మీద కొట్టాడు. ఈసారి కారులో నేను నోరు మూసుకుని, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మెల్లగా, "అప్పుడు కోచ్ ఏం చెప్పాడురా?" అని అడిగాను.

"ఏం చెప్పలేదు నాన్నా. ఆయన హెడ్‌సెట్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు."