మైగ్రెంట్ విద్యా నిధులపై రాష్ట్ర తనిఖీ: లయజాన్ జీతం మొత్తం ఆ గ్రాంటుకే రాయవచ్చా?

ప్రశ్న అడిగినవారు: యాకిమా లెక్కలు

అందరికీ నమస్కారం. వాషింగ్టన్ రాష్ట్రంలో యాకిమా లోయలోని ఒక చిన్న స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఫెడరల్ గ్రాంట్ల లెక్కలు చూసే ఉద్యోగంలో ఈ మధ్యే చేరాను. అంతకు ముందు చాలా ఏళ్లు ప్రైవేటు కంపెనీల ఖాతాలే చూశాను గనుక ప్రభుత్వ నిధుల నియమాలు నాకు కొత్త. మాకు వచ్చే గ్రాంట్లలో టైటిల్ వన్ పార్ట్ సి, అంటే మైగ్రెంట్ విద్యా కార్యక్రమం, ఒకటి. పేరు చూసి ఇది మనలాగా వేరే దేశం నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల కోసమేమోనని మొదట పొరబడ్డాను. చెర్రీ కోతకూ ఆపిల్ కోతకూ ఊళ్లు మారే వ్యవసాయ కూలీల పిల్లలకు, చేపల వేట పనులకు వెళ్లేవారి పిల్లలకు ఉద్దేశించినదని, వారు అమెరికాలో పుట్టినా పుట్టకపోయినా తేడా లేదని తరువాత తెలిసింది.

వచ్చే నెలలో రాష్ట్ర విద్యాశాఖవారు తనిఖీకి వస్తున్నారు. ఫైళ్లు తిరగేస్తుంటే మూడు చోట్ల నాకు అనుమానం కలిగింది.

మా మైగ్రెంట్ లయజాన్, అంటే ఈ కుటుంబాలకూ స్కూలుకూ మధ్య అనుసంధానంగా పనిచేసే ఉద్యోగిని, జీతం నూటికి నూరు శాతం ఈ గ్రాంటు నుంచే పోతోంది. ఆమె నిజంగా కష్టపడే మనిషి. అయితే నేను రెండు రోజులు ఆఫీసు ముందు గదిలో కూర్చుని గమనించాను. ఉదయం ఏడున్నర నుంచి పదిన్నర దాకా స్పానిష్ మాట్లాడే తల్లిదండ్రులు ఎవరు వచ్చినా ఆమెనే పిలుస్తున్నారు. ఒకరికి టీకాల కాగితం నింపాలి, ఒకరికి బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పాలి, ఇంకొకరి అబ్బాయికి జ్వరమని టీచరుకు తెలపాలి. వచ్చినవారిలో మైగ్రెంట్ కుటుంబాలు ఎన్నో ఎవరూ రాసుకోవడం లేదు.

రెండవది, బడి వదిలాక జరిగే హోంవర్క్ తరగతి. టీచరుకు ఇచ్చే అదనపు వేతనమంతా ఈ గ్రాంటులోనే పడింది. హాజరుపట్టీలో 26 మంది ఉన్నారు, మైగ్రెంట్ జాబితాలో ఉన్నవారు 11 మందే.

మూడవది, ముందుగా సేవలు అందవలసిన పిల్లల జాబితా. అందులో మా మైగ్రెంట్ విద్యార్థులందరి పేర్లూ ఉన్నాయి. అందరూ ముందువారే అయితే అసలు ఆ జాబితా ఎందుకో నాకు అర్థం కాలేదు.

మా పైఅధికారి మాత్రం, డబ్బు పిల్లల కోసమే ఖర్చయింది, ఎవరు కాదంటారు అంటున్నారు. పనంతా ఈ గ్రాంటుకే చేశానని లయజాన్ చేత పోయిన సంవత్సరానికి కూడా ఆరు నెలలకు ఒకటి చొప్పున ధృవీకరణలు ఇప్పుడు రాయించి, పాత తేదీలతో సంతకం పెట్టించమని సలహా ఇచ్చారు. నాకు మనసొప్పడం లేదు. ఇలాంటి తనిఖీలు చూసినవారు ఏం చేయమంటారు?

జవాబు: పాత ఆడిటరు

మీ మనసు చెప్పిందే సరైనది, ఆ పాత తేదీల సంతకం మాత్రం పెట్టించకండి. కాగితం లేకపోతే రాష్ట్రంవారు దాన్ని లోపంగా రాసి సరిదిద్దే ప్రణాళిక ఇవ్వమంటారు, మహా అయితే ఆ మొత్తాన్ని ప్రశ్నార్థక వ్యయంగా చూపి తిరిగి కట్టమంటారు. దొంగ తేదీతో పుట్టిన కాగితం దొరికితే తతిమ్మా ఫైళ్లన్నిటి మీదా నమ్మకం పోతుంది. సంగతి లెక్కల పొరపాటు స్థాయి దాటిపోతుంది, సంతకం పెట్టిన ఆమె కూడా అందులో చిక్కుకుంటుంది.

ఇక లయజాన్ సంగతి. మీరు చెప్పిన మూడింటిలో ఇదే పెద్దది, నేను చూసిన తనిఖీల్లో ఎక్కువసార్లు దొరికేది కూడా ఇదే. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులకు వారికి అర్థమయ్యే భాషలో సమాచారం అందించడం డిస్ట్రిక్ట్ తన సొంత బాధ్యతగా చేయవలసిన పని. 1964 నాటి పౌర హక్కుల చట్టంలోని టైటిల్ సిక్స్ కింద, ఈ గ్రాంటు వచ్చినా రాకపోయినా అది తప్పదు. అలాంటి పనికి మైగ్రెంట్ నిధులు వాడితే, ఉన్న నిధులకు తోడుగా ఉండవలసిన డబ్బు వాటి స్థానంలోకి వచ్చినట్టవుతుంది. నేను ఒక మాట అడిగి చూసుకునేవాణ్ని: ఈ గ్రాంటు రేపు ఆగిపోతే, డిస్ట్రిక్ట్ ఈ పని మానేయగలదా? ముందు గదిలో దుబాసీ పని మానేయలేదు. కాబట్టి ఆ మూడు గంటల జీతం డిస్ట్రిక్ట్ సాధారణ నిధి నుంచే రావాలి. కూలీల శిబిరానికి వెళ్లి కొత్త కుటుంబాలను కలవడం, ఊరు మారిన పిల్లవాడి క్రెడిట్లు పాత హైస్కూలు నుంచి తెప్పించడం వంటివి నిస్సందేహంగా గ్రాంటు పనులు.

ఫెడరల్ గ్రాంట్ల ఖర్చు నియమావళి అయిన 2 సీఎఫ్ఆర్ 200లోని 430వ నిబంధన ప్రకారం జీతాల లెక్క వాస్తవంగా చేసిన పనిని ప్రతిబింబించాలి. బడ్జెట్‌లో నూరు శాతం అని రాసుకోవడం తాత్కాలిక అంచనాకు పనికి వస్తుందేగాని, తరువాత అసలు పనితో సరిచూసి తేడాను సర్దకపోతే అది ఆధారం కాదు. ఆరు నెలల ధృవీకరణ అనేది ఒకే గ్రాంటు పని చేసేవారి కోసం పూర్వం వచ్చిన పద్ధతి, చాలా డిస్ట్రిక్టులు ఇప్పటికీ వాడుతున్నాయి. మీ లయజాన్ రెండు రకాల పనులు చేస్తోంది గనుక ఆ కాగితం మీద సంతకం ఈరోజు తేదీతో పెట్టినా తప్పే అవుతుంది.

మీరు చేయగలిగింది ఇది. ఆమె క్యాలెండరు, ఇళ్లకు వెళ్లినప్పుడు రాసుకున్న నోటు పుస్తకం, మైలేజీ బిల్లులు, సందర్శకుల రిజిస్టరు ముందు పెట్టుకుని ఏ పనికి ఎంత సమయం పోయిందో నిజాయితీగా లెక్కకట్టండి. పైన ఇవాళ్టి తేదీ వేసి, ఏ ఆధారాలతో కట్టారో రాయండి. ఆధారం దొరకని భాగాన్ని జర్నల్ ఎంట్రీ ద్వారా సాధారణ నిధికి మార్చండి. తనిఖీవారు రాకముందే మీరే కనుక్కుని సర్దిన తప్పుకూ వారు కనుక్కున్న తప్పుకూ నివేదికలో చాలా తేడా ఉంటుంది.

హోంవర్క్ తరగతి విషయంలో ముందు ఒకటి తేల్చుకోండి. అదే తరగతి మిగతా పిల్లలకు స్థానిక నిధులతో అంతకు ముందు నుంచే నడుస్తోందా? నడుస్తుంటే మైగ్రెంట్ గ్రాంటుకు అందులో ఒక్క డాలరు రాయడం కూడా కష్టమే. ఈ పిల్లల అవసరం కోసమే మొదలుపెట్టి, తరువాత ఇతరులను చేర్చుకున్నదైతే, పొందిన ప్రయోజనాన్ని బట్టి ఖర్చు పంచాలి. అంటే 26లో 11 వంతులు గ్రాంటుకు, మిగతా 15 వంతులు వేరే నిధికి. ఆ నిష్పత్తి కూడా ఏడాదికి ఒకసారి ఊహించింది కాకుండా హాజరుపట్టీ నుంచి రావాలి.

జవాబు: డేటా గది

పాత ఆడిటరు గారు డబ్బు వైపు నుంచి చెప్పారు. నేను టెక్సస్‌లో మైగ్రెంట్ రికార్డులు నమోదు చేసే పనిలో ఉన్నాను గనుక పిల్లల వైపు నుంచి చెబుతాను. తనిఖీవారు ఖర్చు చూసిన తరువాత, ఆ ఖర్చు ఏ పిల్లవాడికి చేరిందో అడుగుతారు, ఆ పిల్లవాడి అర్హత పత్రం తీసి చూపమంటారు. మేమంతా సీఓఈ అనేది దాన్నే. పత్రం నిలబడకపోతే ఖర్చూ నిలబడదు.

మీ జాబితా తప్పు ఎక్కడ నుంచి వచ్చి ఉంటుందో ఊహించగలను. 2015 నాటి ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం ప్రకారం ముందుగా సేవలు అందవలసినవారు అంటే, గడచిన ఒక్క సంవత్సరంలో అర్హతనిచ్చే విధంగా ఊరు మారి ఉండాలి, దానితోపాటు రాష్ట్ర ప్రమాణాలు అందుకోలేకపోతున్నవారో, అందుకోలేకపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారో, బడి మానేసినవారో అయి ఉండాలి. కార్యక్రమంలో ఉండే అర్హత మాత్రం 36 నెలలు ఉంటుంది. ఈ రెండు గడువులనూ కలిపేసి, 36 నెలల జాబితానే ముందువారి జాబితాగా అచ్చువేసి ఉంటారు. ఇంకో సంభావ్యత కూడా ఉంది. పాత చట్టంలో బడి సంవత్సరం మధ్యలో చదువుకు అంతరాయం కలిగిందా అన్నది షరతుగా ఉండేది. ఆ పాత ఫారాలు మార్చని చోట్లు నేను స్వయంగా చూశాను. జాబితా సరిచేయడం ఒక పూట పని. అసలు ప్రశ్న ఆ తరువాత వస్తుంది: ఈ పిల్లలకు మిగతావారికంటే ముందు సేవ అందిందని చూపగలరా? ట్యూషన్‌లో చోట్లు పరిమితమైనప్పుడు ఎవరిని ముందు తీసుకున్నారో తెలిపే కాగితం కావాలి.

సీఓఈలో తేదీలను ఒకసారి దగ్గరగా చూడండి. తండ్రి జూన్ 3న చెర్రీ కోతకు ఒంటరిగా వచ్చాడనుకుందాం, బడి అయిపోయాక జూన్ 28న తల్లి ఇద్దరు పిల్లలతో వచ్చి కలిసింది. పిల్లలకు లెక్కలోకి వచ్చే తేదీ జూన్ 28. కుటుంబాలను కలిసి ఈ పత్రం నింపే రిక్రూటర్ తండ్రి తేదీనే అందరికీ వేసేస్తే పత్రం తప్పే. 36 నెలల గడువు కూడా ఆ తేదీ నుంచే మొదలవుతుంది. తండ్రి వచ్చిన 60 రోజుల్లోపు ఆ తాత్కాలిక లేదా సీజను పనిలో చేరాడా, వచ్చింది వేరే స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచేనా, ఆర్థిక అవసరం వల్లనేనా అన్నవి కూడా పత్రంలో కనిపించాలి. ఒకే డిస్ట్రిక్ట్‌లో ఒక తోట నుంచి ఇంకో తోటకు మారితే సాధారణంగా అది లెక్కలోకి రాదు. పత్రం ఆమోదం పొందిన 10 పని దినాల్లోపు వివరాలు రాష్ట్రాల మధ్య రికార్డుల వ్యవస్థ అయిన ఎంఎస్ఐఎక్స్‌లో చేరాయో లేదో కూడా అడుగుతారు.

ఈ పట్టింపులకు కారణం ఉంది. 2000ల తొలి సంవత్సరాల్లో అర్హత లేని పిల్లలను లెక్కలో చేర్చిన సంగతి బయటపడ్డాక, 2008లో నియమాలు బిగించి, కొన్ని కుటుంబాలను యాదృచ్ఛికంగా ఎంచి రాష్ట్రాలు ఏటా మళ్లీ ఇంటర్వ్యూ చేయాలన్నారు. పిల్లల లెక్కను బట్టే రాష్ట్రానికి డబ్బు వస్తుంది మరి.

ఒక జాగ్రత్త. ఫైలు గట్టిగా ఉండాలన్న ఉత్సాహంతో కుటుంబాల నుంచి ఇమిగ్రేషన్ కాగితాలు మాత్రం తీసుకోకండి. ఈ కార్యక్రమంలో అర్హతకూ దానికీ సంబంధమే లేదు. అడిగారన్న వార్త శిబిరంలో పాకితే మరుసటి వారం మీ రిక్రూటర్‌కు ఎవరూ తలుపు తీయరు.

యాకిమా లెక్కలు

ఇద్దరికీ ధన్యవాదాలండీ. జాబితా విషయంలో మీరన్నదే నిజం, మా ఫారం పాత చట్టం నాటిదే. హోంవర్క్ తరగతి ఈ పిల్లల కోసమే మొదలైందని పాత ప్రణాళికలో రాసి ఉంది గనుక ఖర్చు పంచుతున్నాను. ఇంకొకటి కూడా బయటపడింది. మా ఎలిమెంటరీ స్కూళ్లలో ఒకటి స్కూల్‌వైడ్ కార్యక్రమం కింద, అంటే టైటిల్ వన్ నిధులను కొందరు పిల్లలకే కాక మొత్తం బడికి వాడే పద్ధతిలో, నడుస్తోంది, దాని వాటా మైగ్రెంట్ డబ్బును మిగతా టైటిల్ వన్ నిధులతో కలిపేశారు. కలిపేశాక విడిగా లెక్క అక్కరలేదని ప్రిన్సిపల్ గారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మూడో తరగతి టీచరు

సగం నిజం. కలపవచ్చు, కాని మైగ్రెంట్ నిధులకు అదనపు షరతులు ఉన్నాయి. కలిపే ముందు మైగ్రెంట్ తల్లిదండ్రులతోగాని వారికి ప్రాతినిధ్యం వహించే సంఘాలతోగాని సంప్రదించాలి, ఊళ్లు మారడం వల్ల ఆ పిల్లలకు కలిగే ప్రత్యేక అవసరాలను మొదట తీర్చాలి, తీర్చినట్టు రాతపూర్వకంగా చూపాలి. మా స్కూల్లో తనిఖీకి వచ్చినావిడ తల్లిదండ్రుల సలహా సంఘం సమావేశపు సంతకాల కాగితం పక్కన పెట్టి, మీటింగ్‌లో తల్లిదండ్రులు ఏమన్నారు, దానివల్ల ప్రణాళికలో ఏ వాక్యం మారింది అని అడిగింది. మా దగ్గర ఎజెండా ఉంది, పిజ్జా బిల్లు కూడా ఉంది, ఆ వాక్యం మాత్రం లేదు. మాకు లోపంగా రాసింది అదొక్కటే. అలాగే బడిలో చేరిన పిల్లలనే చూసుకోకండి. 22 ఏళ్లు నిండని, హైస్కూలు పూర్తి చేయకుండా తోటల్లో పని చేస్తున్న కుర్రాళ్లకు, మూడేళ్ల పసివాళ్లకు ఏం చేశారని కూడా అడుగుతారు.

యాకిమా లెక్కలు

సంప్రదింపుల మినిట్స్ దొరకలేదు, కాబట్టి ఆ స్కూలు వాటాను ఈ ఏడాదికి విడదీసి చూపమని రాత్రి ఈమెయిల్ పెట్టాను. లయజాన్‌తో కూర్చుని నోటు పుస్తకం చూశాం. ప్రతి ఇంటి సందర్శనా వచ్చిన సమయం, వెళ్లిన సమయంతో సహా రాసుకుంది. ఇన్నాళ్లూ ఆమెను ఆ పుస్తకం చూపమని ఎవరూ అడగలేదట. గ్రాంటు పని నూటికి 62 వంతులు తేలింది. మిగతా 38 వంతులు సాధారణ నిధికి మార్చడానికి పైఅధికారి మొహం చిట్లించినా సంతకం పెట్టారు. వచ్చే సోమవారం నుంచి ఆమె చేత రోజువారీ సమయపత్రం రాయించబోతున్నాను. అందులో ఏ గడులు పెట్టమంటారు?

జవాబు: పాత ఆడిటరు

గ్రాంటు పనులకు మూడు నాలుగు గడులు చాలు: కుటుంబాల గుర్తింపు, ఇంటి సందర్శన, విద్యార్థి రికార్డులు, తల్లిదండ్రుల సంఘం. ముందు గదిలో దుబాసీ పనికి సాధారణ నిధి ఖాతా సంఖ్యతో వేరే గడి పెట్టండి. "ఇతరములు" అనే గడి మాత్రం పెట్టకండి, నెల తిరిగేసరికి సగం గంటలు అందులోకే చేరతాయి. ఆమె సంతకం, విషయం తెలిసిన సూపర్‌వైజరు సంతకం నెలకోసారి తీసుకోండి, మూడు నెలలకోసారి జీతాల ఖాతాతో సరిచూడండి. ఆ నోటు పుస్తకాన్ని స్కాన్ చేసి ఉంచుకోండి, అసలుది ఆమె దగ్గరే ఉండనివ్వండి.