బి450 బోర్డు, రైజెన్ 5 5600: పొద్దున డిస్‌ప్లే వస్తలేదు, నాలుగోసారికి వస్తది. బోర్డు మార్చాల్నా?

వడ్డేపల్లి_పీసీ (హనుమకొండ)

అన్నలకు నమస్తే. కొత్త సిస్టం అసెంబుల్ చేసిన. బోర్డు ఒక్కటే సెకండ్ హ్యాండ్, మిగతావి చాలావరకు కొత్తవి.

బోర్డు: బి450ఎం, నాలుగు ర్యామ్ స్లాట్లు (కంపెనీ పేరు కావాలనే రాస్తలేను)
ప్రాసెసర్: రైజెన్ 5 5600, దానితో వచ్చిన కూలరే
ర్యామ్: కొత్తది 8 జీబీ రెండు, డిడిఆర్4 3200 స్పీడ్. పాత సిస్టంల నుంచి తీసింది 8 జీబీ రెండు, 2666. మొత్తం 32
గ్రాఫిక్స్: ఆర్ఎక్స్ 6600
ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై): 550 వాట్లు
500 జీబీ ఎన్‌వీఎంఈ, పాత 1 టీబీ సాటా హార్డ్‌డిస్క్

పొద్దున మొదటిసారి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతయ్, బోర్డు మీద డీర్యామ్ లైట్ వెలిగి అట్లనే ఉంటది, డిస్‌ప్లే రాదు. పవర్ బటన్ పట్టుకొని ఆపి మళ్ల ఆన్ చేస్తే మూడోసారికో నాలుగోసారికో వస్తది. ఒకసారి వచ్చిందంటే రాత్రి దాకా ఏం కాదు, రీస్టార్ట్ కొట్టినా మంచిగనే వస్తది. ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి స్పీడ్‌ల నడిపే సెట్టింగ్) పెడితే మాత్రం అసలే రాదు, బ్యాటరీ పీకి పెట్టాల్సి వస్తుంది. హార్డ్‌డిస్క్ ఒక రోజు కనిపిస్తది, ఒక రోజు కనిపించదు.

షాపుల అడిగితే ఈ బోర్డుకు ఈ ప్రాసెసర్ సెట్ కాదు, కొత్త బి550 బోర్డు తీస్కో అన్నరు. కంపెనీ వెబ్‌సైట్ లిస్టుల మాత్రం 5600 పేరు ఉంది. ఏది నమ్మాలె?

కాజీపేట_జంక్షన్

లిస్టుల పేరు ఉంటే అయిపోలేదు భయ్యా, దాని పక్క కాలమ్ చూడు. ఈ ప్రాసెసర్‌కు కనీసం ఏ బయోస్ (బోర్డును లేపే, దాని చిప్పుల ఉండే సాఫ్ట్‌వేర్) వెర్షన్ కావాలో అక్కడ రాసి ఉంటది. బి450 బోర్డులు 2018లో వచ్చినయ్. రైజెన్ 5000 సిరీస్ 2020 నవంబర్‌ల, నీ 5600 అయితే 2022 ఏప్రిల్‌ల వచ్చింది. ఆ బోర్డు ఫ్యాక్టరీ నుంచి బయటపడ్డప్పుడు ఈ ప్రాసెసర్ పుట్టనే లేదు. సాకెట్ ఏఎం4యే కాబట్టి కూర్చుంటది, కూర్చున్నంత మాత్రాన నడవాలని లేదు.

విండోస్‌ల రన్ తెరిచి ఎంఎస్ఇన్ఫో32 కొడితే బయోస్ వెర్షన్, తేదీ వస్తయ్. లిస్టుల ఉన్నదానికంటే పాతదైతే అప్‌డేట్ చెయ్. కానీ ముందు బోర్డు అంచు మీద ముద్రించిన రివిజన్ నంబర్ చూస్కో. ఒకే మోడల్ పేరు మీద రివిజన్ 1, రివిజన్ 2, వెనుక మ్యాక్స్ అనో వీ2 అనో తోక ఉన్నవి వేరే వేరే బోర్డులు, వాటి ఫైళ్లు కూడా వేరే. సెకండ్ హ్యాండ్ బోర్డుకు డబ్బా ఉండదు కాబట్టి చాలామంది బోల్తా పడేది ఇక్కడనే.

4 నుంచి 16 జీబీ పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32ల ఫార్మాట్ చెయ్. జిప్ విప్పి ఫైలు ఏ ఫోల్డర్‌ల పెట్టకుండ నేరుగా వెయ్. బయోస్‌లకు పోయి అక్కడున్న ఫ్లాష్ మెనూ నుంచే చెయ్, విండోస్ లోపల నుంచి చేసే సాఫ్ట్‌వేర్ జోలికి పోకు. కొన్ని బోర్డులకు నేరుగా చివరి వెర్షన్ వేయరాదు, మధ్యల ఒక వెర్షన్ వేసి రమ్మని డౌన్‌లోడ్ పేజీలనే రాసి ఉంటది. ఇన్వర్టర్ ఉంటే దాని మీద పెట్టి చెయ్.

డిస్‌ప్లేనే రాని బోర్డుకైతే దారి వేరే. వెనుక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు అయితే ప్రాసెసర్ లేకుండనే ఎక్కించొచ్చు. 24 పిన్ను, ప్రాసెసర్ పవర్ రెండూ పెట్టి, ఫైలు పేరు కంపెనీ చెప్పినట్టు మార్చి, గుర్తున్న యూఎస్‌బీ పోర్టులనే పెన్‌డ్రైవ్ పెట్టాలె. ఆ బటన్ లేకపోతే పాత రైజెన్ 2000 సిరీస్ లాంటి ప్రాసెసర్ ఒక్క పూటకు దొరకబట్టి ఎక్కించాల్సిందే.

మానేరు_డ్యామ్ (కరీంనగర్)

పైన చెప్పిన వివరాలన్నీ కరెక్టే, ఈ కేసుకు మొదటి అడుగు మాత్రం అది కాదు. బయోస్‌కు 5600 ఎవరో తెలియకపోతే నాలుగోసారికి కాదు, నలభయ్యోసారికి కూడా డిస్‌ప్లే రాదు. పైగా వెలిగేది సీపీయూ లైట్ కాదు, డీర్యామ్ లైట్. ప్రాసెసర్‌ను బోర్డు గుర్తుపట్టింది, ర్యామ్ దగ్గర ఆగుతోంది. షాపాయన మాట తప్పు.

ఇంకా ముఖ్యమైన సంగతి. నాలుగు ర్యామ్‌లు ఇట్లా తడబడుతుంటే బయోస్ ఫ్లాష్ చేయకు తమ్మీ. ఫైలు ముందు ర్యామ్‌లోకి వచ్చి అక్కడి నుంచే చిప్పులోకి రాయబడుతుంది. ర్యామ్‌లో ఒక్క బిట్ తారుమారైనా చెడిన బయోస్ ఎక్కే ప్రమాదం ఉంది. అప్‌డేట్ చేసేది తరువాత, అది కూడా ఒకే స్టిక్కు మీద, ఎక్స్ఎంపీ ఆఫ్ చేసి.

జరిగేది ఇది. ఆన్ చేసిన ప్రతిసారీ బోర్డు ర్యామ్‌తో టైమింగ్‌లు సరిచూసుకుంటుంది, దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. చల్లగా ఉన్నప్పుడు ఒక రకంగా, వేడెక్కాక ఒక రకంగా ఫలితం వస్తుంది. అంచు మీద నడిచే సెటప్ అయితే పొద్దున ఫెయిలై, రెండు మూడు ప్రయత్నాల తరువాత ఎక్కడో కుదిరి లేస్తుంది. రీస్టార్ట్‌కు ఇబ్బంది లేకపోవడం కూడా దీన్నే చెబుతోంది.

నీ సెటప్ అంచు మీదకు రావడానికి కారణం నాలుగు స్టిక్కులు, అవీ రెండు రకాలు. 5600కు రెండు స్టిక్కులైతే ఏఎండీ అధికారికంగా చెప్పేది 3200. నాలుగు పెడితే (ర్యాంక్ అంటే స్టిక్కు మీద కలిసి పనిచేసే చిప్పుల గుంపు) సింగిల్ ర్యాంక్‌వి 2933, డ్యూయల్ ర్యాంక్‌వి 2667 మాత్రమే. ఆ పైన వస్తే అదృష్టం. ఎక్స్ఎంపీ నొక్కితే చాలా బోర్డులు ఒక స్టిక్కు ప్రొఫైల్ చదివి నాలుగింటికీ అదే రుద్దుతాయి. 2666కు తయారైన పాత జతను 3200లో పరిగెత్తించమంటే అది కూలబడుతుంది.

ఇట్లా చెయ్:

స్విచ్ బోర్డు దగ్గర ఆఫ్ చేసి, పవర్ బటన్ ఒక ఐదు సెకన్లు నొక్కి మిగిలిన కరెంట్ పోనియ్. నాలుగు ర్యామ్‌లూ తియ్. కొత్త జతలోంచి ఒకటి తీసుకొని ఏ2 స్లాట్‌లో పెట్టు, అంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది. రెండు చివర్లా టక్‌మని శబ్దం రావాలి. ఒకవైపే లాక్ ఉండే బోర్డు అయితే లాక్ లేని వైపు పైకి లేచి ఉండటం తరచూ జరుగుతుంది, వంగి పక్క నుంచి చూడు. బంగారు రంగు కాంటాక్టులు మసకగా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు ఉంటే మెల్లగా రుద్ది, పొడి మొత్తం దులిపెయ్.

తరువాత సీమాస్ క్లియర్, అంటే బయోస్ సెట్టింగులను మొదటికి తేవడం. బ్యాటరీ పీకక్కర్లేదు. బ్యాటరీ దగ్గరలో సీఎల్ఆర్ సీమాస్ అనో జేబ్యాట్ అనో రాసి ఉన్న రెండు పిన్నులను కరెంట్ ఆఫ్‌లో ఉండగా స్క్రూడ్రైవర్ మొనతో పది సెకన్లు కలుపు.

ఒక్కో స్టిక్కును అదే ఏ2లో పెట్టి నాలుగింటినీ చూడు. నాలుగూ లేస్తే స్టిక్కులు బతికే ఉన్నాయి. ఆ తరువాత మంచిదని తేలిన ఒక్క స్టిక్కును నాలుగు స్లాట్లలో మార్చి మార్చి పెట్టు. ఒక ఛానల్‌లో, అంటే బి1లోనూ బి2లోనూ లేవకపోతే గొడవ ర్యామ్‌ది కాదు, సాకెట్ దగ్గరిది. దాని గురించి కింద ఎవరైనా రాస్తారు.

అన్నీ బాగుంటే కొత్త జతను ఏ2, బి2లో పెట్టి ఎక్స్ఎంపీ ఆన్ చెయ్. ఏ1, బి1లో ఎందుకు వద్దంటే, ఇట్లాంటి బోర్డుల్లో చాలావాటికి తీగ ఏ1 మీదుగా ఏ2 దాకా పోతుంది. ఏ1లో పెట్టి ఏ2 ఖాళీగా వదిలితే మిగిలిన తీగ ముక్క చివర నుంచి సిగ్నల్ తిరిగి తన్నుతుంది. అందుకే స్పీడ్ ఎక్కదు. తరువాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి, రాత్రి నాలుగు పాస్‌లు నడవనివ్వు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. ఇందులో ఒకటీ రెండూ పరవాలేదనే లెక్క లేదు.

జమ్మికుంట_ఎలక్ట్రికల్

సాకెట్ సంగతి నేను రాస్తా. ఏఎం4ల పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటయ్, 1331. ఒకటి వంగినా ప్రాసెసర్ నడుస్తది గానీ ఒక ర్యామ్ ఛానల్ పోవచ్చు. చూడాలంటే కూలర్ తీయాలె, తీసేటప్పుడే అసలు ప్రమాదం. ఎండిన పేస్ట్ పట్టుకొని కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడ సాకెట్‌లోంచి ఊడి వస్తది, లాక్ లివర్ వేసి ఉన్నా సరే. అందుకని ముందు పది నిమిషాలు సిస్టం నడిపి వేడెక్కనియ్. అప్పుడు ఆపి, స్క్రూలు ఎక్స్ ఆకారంల ఒక్కోదానికి ఒక్కో చుట్టు వదులు చేసి, కూలర్‌ను నిలువుగ గుంజకుండ కుడికీ ఎడమకూ మెలితిప్పుతూ లేపు. వంగిన పిన్ను కనిపిస్తే ముల్లు తీసేసిన 0.5 మెకానికల్ పెన్సిల్ మొనను పిన్నుకు తొడిగి మెల్లగ నిలబెట్టాలె. బిగించేటప్పుడు కూడ ఎక్స్ ఆకారమే. ఒక మూల పూర్తిగ బిగించి ఇంకో మూలకు పోతే ఒత్తిడి ఒకవైపు పడుతది, దాంతోని కూడ ఛానల్ పోతది.

550 వాట్లు సరిపోతదా అని అనుమానపడకు. ఆర్ఎక్స్ 6600 వాడేది 132 వాట్లు, 5600 ఎక్కువల ఎక్కువ 76. డిస్కులు, ఫ్యాన్లు, బోర్డు అన్నీ కలిపినా 270 దాటదు. వాట్లు కాదు చూడాల్సింది, వోల్టేజ్. గేమ్ నడుస్తుండగా మల్టీమీటర్‌తో మోలెక్స్ పసుపు తీగకూ నలుపుకూ మధ్య చూడు. 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలె. ప్రాసెసర్ పవర్‌కు 4+4 అని ఉన్న వైరే పెట్టు. 6+2 గ్రాఫిక్స్ కార్డుది, ఎనిమిది పిన్నులే అయినా ప్లస్, మైనస్ తిరగబడి ఉంటయ్. మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ అయితే వేరే ఎస్ఎంపీఎస్ వైర్లు దీనికి అస్సలు వాడొద్దు.

పాత ఇండ్లల్ల మూడు పిన్నుల సాకెట్ ఉంటది, మూడో రంధ్రంల ఎర్త్ ఉండదు. క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగ చుర్రుమంటే అదే. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 2, 3 వోల్టులు దాటొద్దు, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య ఫేజ్-న్యూట్రల్ అంతే రావాలె. ఇంకోటి, క్యాబినెట్‌ల ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డును ఎత్తి పట్టేవి) లెక్కపెట్టు. పెద్ద ఏటీఎక్స్ బోర్డుకు పెట్టినవి అట్లనే వదిలి మైక్రో బోర్డు బిగిస్తే, రంధ్రం లేని చోట ఒక స్టాండాఫ్ బోర్డు వెనుక తగులుతది. అట్లాంటి షార్ట్ ఒక రోజు ఉంటది, ఒక రోజు ఉండదు.

హార్డ్‌డిస్క్‌కు: ఎం.2 స్లాట్ నిండితే కొన్ని బోర్డులల్ల ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయవు, ఏవో మాన్యువల్‌ల ఉంటది. కానీ అట్లయితే ఎప్పుడూ కనిపించదు. నీది ఒకసారి కనిపించి ఒకసారి పోతుందంటే కేబుల్. ముందు 100 రూపాయల కేబుల్ మార్చు.

వడ్డేపల్లి_పీసీ

చేసిన అన్నా. ఫలితాలు:

నాలుగు స్టిక్కులూ ఏ2ల ఒక్కొక్కటిగ లేచినయ్. ఒకే స్టిక్కు నాలుగు స్లాట్లల్లనూ లేచింది, కూలర్ జోలికి పోలేదు. కొత్త జత ఏ2, బి2ల ఎక్స్ఎంపీ 3200 పెట్టిన, మెమ్‌టెస్ట్ నాలుగు పాస్‌లు సున్నా ఎర్రర్లు. ఐదు పొద్దులు చూసిన, మొదటిసారికే డిస్‌ప్లే. బయోస్ లిస్టుల చెప్పిన వెర్షనే ఉంది, దాని తరువాత ఇంకో మూడు వచ్చినయ్. 12 వోల్టుల దగ్గర 11.9 చూపిస్తుంది. స్టాండాఫ్ ఒకటి ఎక్కువ ఉండె, తీసేసిన. సాటా కేబుల్ మార్చినంక హార్డ్‌డిస్క్ పోతలేదు.

ఇప్పుడు అడిగేది: పాత జత మళ్ల పెట్టాల్నా వద్దా? బయోస్ కొత్తది వేయాల్నా?

మానేరు_డ్యామ్ (కరీంనగర్)

గేమ్‌లే అయితే పాత జత పెట్టకు. 16 జీబీ 3200లో నడవడం 32 జీబీ 2666లో నడవడం కంటే మేలు. రైజెన్‌లో ర్యామ్ స్పీడ్‌లో సగమే ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే ఫ్యాబ్రిక్ స్పీడ్. 3200కు అది 1600, 2666కు 1333. ఫ్రేమ్‌లు తగ్గేది అక్కడే. పెళ్లి వీడియోల ఎడిటింగ్ లాంటి పని ఉండి ర్యామ్ నిండిపోతుంటే మాత్రం నాలుగూ పెట్టు. ఎక్స్ఎంపీ ఆఫ్, స్పీడ్ చేత్తో 2666, వోల్టేజ్ 1.2. పొద్దున తడబడితే 1.25. అప్పటికీ కాకపోతే 2400కు దించు. మార్చిన ప్రతిసారీ మెమ్‌టెస్ట్ మళ్లీ మొదటి నుంచి.

బయోస్ ఇప్పుడు వేయొచ్చు, ర్యామ్ నిలకడగా ఉంది కదా. 2022లో వచ్చిన అజీసా (బయోస్ లోపల ఏఎండీ ఇచ్చే కోడ్) 1.2.0.7తో ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్ లోపలి సెక్యూరిటీ భాగం) వల్ల అప్పుడప్పుడు సిస్టం ఒక క్షణం బిగుసుకుపోయే సమస్య సరిచేశారు. దానికంటే పాత వెర్షన్ ఉంటే అప్‌డేట్ దండగ కాదు.

కాజీపేట_జంక్షన్

వేసే ముందు విండోస్‌ల బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే సెట్టింగ్) ఆన్‌ల ఉందో లేదో చూడు. ఉంటే సస్పెండ్ చేసి, రికవరీ కీ వేరే ఫోన్‌ల దాచిపెట్టుకో. అప్‌డేట్ తరువాత ఎఫ్‌టీపీఎం రీసెట్ అయితే 48 అంకెల కీ అడుగుతది, లేకపోతే డ్రైవ్ తెరుచుకోదు. ఎక్స్ఎంపీ, ఫ్యాన్ సెట్టింగులు కూడ డీఫాల్ట్‌కు పోతయ్, ఫోటో తీసి పెట్టుకో. మళ్ల పొద్దున డీర్యామ్ లైట్ వెలిగిందంటే ఎక్స్ఎంపీ ఆఫ్ చేసి చూడు.

పాత జత అమ్మితే రెండూ కలిపే అమ్ము. విడివిడిగ అమ్మితే కొన్నోడు వాటిని ఇంకో జతతోని కలిపి, రెండు నెలలకు ఇదే పోస్ట్ పెడ్తడు.