గుడి మైకు సౌండ్ తగ్గించమన్నందుకు నాకు ముద్ర పడింది, ఇప్పుడేం చేయాలి?

అందరికీ నమస్కారం. నేను నాస్తికుణ్ణి కాను, ముందే చెప్తున్నా. ధనుర్మాసం వస్తే మా ఇంట్లోనూ ముగ్గులు, గొబ్బెమ్మలు, తిరుప్పావై అన్నీ ఉంటాయి. సమస్యల్లా మా సందు చివర గుడి మీదున్న లౌడ్‌స్పీకర్, అది సరిగ్గా మా బెడ్‌రూం కిటికీ వైపే తిరిగి ఉంది, పొద్దున్నే నాలుగున్నరకి ముందు గరగరమని ఒక కూత, తర్వాత ‘హలో హలో మైక్ టెస్టింగ్’, ఆ తర్వాతే పాశురం. నైట్ డ్యూటీ చేసి మూడింటికి పడుకునే మా తమ్ముడు చెవుల్లో దూది పెట్టుకుంటున్నాడు.

కాలనీ వాట్సాప్ గ్రూపులో ‘కాస్త సౌండ్ తగ్గించండి, లేదా ఆరు తర్వాత పెట్టండి’ అని మర్యాదగానే రాశాను. అంతే. ‘ఇదే మాట మసీదు వాళ్లని అడిగే దమ్ముందా’ అని ఒకాయన, ‘సెక్యులర్ మేధావి గారొచ్చారు’ అని ఇంకొకాయన. అక్కడ గోల ఉన్నా ఇదే అడుగుతాను, కానీ అప్పుడు ఇంకో రకం ముద్ర పడుతుంది, అది వేరే తలనొప్పి.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు పెట్టకూడదు, ఏ మతానికైనా అదే రూలు. 2005లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. పండగలకి ప్రభుత్వం సడలింపు ఇచ్చినా అర్ధరాత్రి 12 వరకే, తెల్లవారుజాముకి కాదు.

పోలీసుల దాకా వెళ్లడం నాకిష్టం లేదు. పూజారి గారు మంచి మనిషి, పైగా రేపు మా అమ్మ వెళ్లాల్సింది ఆ గుడికే. మీలో ఎవరైనా గొడవ లేకుండా ఇలాంటిది తేల్చుకున్నారా? ముందు ఎవరితో మాట్లాడారు, కమిటీ పెద్దలతోనా, పూజారి గారితోనా?