అప్‌డేట్: లావా రాకుండానే నేల ఎలా లేస్తుంది?

ఇటలీలో నేపుల్స్ పక్కనున్న కాంపి ఫ్లెగ్రే అనే అగ్నిపర్వత ప్రాంతంలో విస్ఫోటనం లేకుండానే నేల ఎందుకు లేస్తోందని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్, వాటిని పట్టుకుని ఇంకాస్త చదివాను.

లోతులోని మాగ్మా (కరిగిన రాయి) నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పైనున్న రాళ్లలో చిక్కుకుంటే ఒత్తిడి పెరిగి నేల ఉబ్బుతుంది. మాగ్మా పైకి జరిగినా అంతే. ఏది ఎంత కారణమన్న వాదన శాస్త్రవేత్తల్లో ఇంకా తేలలేదు. 1982-84 మధ్య అక్కడి పొజ్జువోలి పట్టణం దాదాపు 1.8 మీటర్లు లేచింది. వేలమంది ఇళ్లు ఖాళీ చేశారు, విస్ఫోటనం మాత్రం రాలేదు. తర్వాత నేల కొంత దిగి, 2005 నుంచి మళ్లీ లేస్తోంది.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది అక్కడి పాత రోమన్ సంతలోని పాలరాతి స్తంభాలు. వాటికి మనిషి ఎత్తుకన్నా చాలా పైన సముద్రజీవులు తొలిచిన రంధ్రాలున్నాయి. అంటే నేల దిగి అంతదాకా ఒకప్పుడు సముద్రంలో మునిగాయన్నమాట!

ఇప్పుడక్కడి వాళ్ల టెన్షన్ అర్థమైంది. 1538లో కూడా ముందు నేలే లేచింది, ఆ తర్వాతే విస్ఫోటనం వచ్చి మోంటే నువోవో కొండ పుట్టింది.