వరద తగ్గాక లంక ఎందుకు విరిగిపడుతోంది?

ప్రశ్న: గోదావరి గౌతమి పాయ పక్కన లంకలో (ఏటి మేటతో ఏర్పడ్డ దిబ్బ నేల) మాకు కొబ్బరితోట ఉంది. నాన్న పెట్టిన ఏటివైపు వరసలో 14 చెట్లుండేవి, ఇప్పుడు 9. ఏరు నిండుగా పారుతున్నన్నాళ్లూ ఏమీ కాదు. నీరు లాగేశాక, ఎండ కాసిన రోజున, గట్టు పెళ్లలుగా దబ్బున పడుతుంది. ఎదుటి ఒడ్డున మాత్రం మేట పెరుగుతోంది. ఎందుకండీ?

జవాబు: మాదీ లంకేనండి. వరదలో గట్టు నీళ్లు తాగి బరువెక్కుతుంది, కానీ ఏటి నీరే దాన్ని పక్కనుంచి ఆనుకుని నిలబెడుతుంది. నీరు గబగబా దిగితే ఆ ఆసరా పోతుంది. విరిగిన చోట దిగి చూడండి: పైన ఒండ్రు, కింద ఇసుక, ఆ ఇసుకలోంచి సన్నగా ఊట. ముందు ఇసుక జారుతుంది, తర్వాత పైది కూలుతుంది. మీది వంపు బయటివైపు అయ్యుంటుంది, అక్కడే వడి ఎక్కువ. లోపలివైపు వడి తగ్గి మేట వేస్తుంది.

ప్రశ్న: అవును, వంపే! మరి మా మట్టంతా ఎటు పోతున్నట్టు?

మరో జవాబు: కొంత కింది మేటల్లో, మిగతాది సముద్రంలోకి. నైరుతి కాలపు అలలు ఇసుకను తీరం వెంట ఉత్తరానికి నెడతాయి. కాకినాడ ఎదురుగా హోప్ ఐలాండ్ అలా పేరుకున్నదే. దానికి ఉత్తరాన ఉప్పాడను మాత్రం కడలి కోసేస్తోంది. పైగా ఎగువ డ్యాముల్లో ఒండ్రు ఆగిపోయి, కడలికి చేరేదే తగ్గింది.

మొదటి జవాబిచ్చినవారు: గట్టు మీద రెల్లు పీకకండి. ఏరు గట్టును అడుగు నుంచి కోస్తే మాత్రం రెల్లు కూడా ఆపలేదు, మా అనుభవం.