లాయ్ క్రథాంగ్ దీపాలకు సుఖోథాయ్ వెళ్లాలా, చియాంగ్ మాయ్ వెళ్లాలా?

ఏటా కార్తీక పౌర్ణమి నాడు రాజమహేంద్రవరంలో గోదావరికి అరటి దొప్పలో దీపం వదిలే మా అమ్మగారిని ఈసారి థాయిలాండ్‌లో అదే పున్నమి ప్రాంతంలో, చలికాలం మొదలయ్యే వేళకు, జరిగే లాయ్ క్రథాంగ్‌కు తీసుకువెళ్లాలనుకుంటున్నాను. అరటి బోదెను చక్రంలా కోసి, చుట్టూ ఆకును మడతలు పెట్టి, బంతిపూలు, ఆర్కిడ్లు గుచ్చి, మధ్యలో ఒక కొవ్వొత్తి, మూడు అగరువత్తులు నిలిపిన ఈ దొప్పనే ‘క్రథాంగ్’ అంటారు, దాన్ని నీటిలో వదులుతారు. వారు నమస్కరించే నదీమాత పేరు ‘ఖోంఖా’, అంటే మన గంగే అని చెప్పగానే అమ్మ ప్రయాణానికి ఒప్పుకున్నారు.

తామర ఆకారపు క్రథాంగ్‌ను తొలుత థాయిలాండ్ పాత రాజధాని సుఖోథాయ్ రాజాస్థానంలోని నాంగ్ నొప్పమాస్ అనే స్త్రీ చేసిందని ఐతిహ్యం. ఆ కథ పంతొమ్మిదవ శతాబ్దపు కల్పన అని చరిత్రకారులు అంటున్నా, అక్కడి శిథిల ఆలయాల నడుమ కొలనులో ఆ దీపాలను చూడాలన్న కోరిక నాకు తగ్గలేదు. ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్ నగరంలో అదే సమయంలో యీ పెంగ్ పేరిట ఆకాశదీపాలు కూడా ఎగరేస్తారు. మేము సంప్రదించిన ట్రావెల్ ఏజెంటు వాటి టికెట్ల గురించి తప్ప మరొకటి మాట్లాడడం లేదు, మాకేమో నీటి దీపాలే ముఖ్యం.

మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్ల మనిషికి, ఆ రద్దీలో నీటి అంచు వరకు దిగడానికి ఈ రెండింటిలో ఏది అనువైనది? క్రథాంగ్‌ను స్వయంగా అల్లుకోవడానికి బోదె, ఆకు, పూలు అక్కడి బజారులో విడిగా దొరుకుతాయా? కొవ్వొత్తికి బదులు ఇంటి నుంచి తెచ్చుకున్న నేతి వత్తి వెలిగిస్తే అక్కడివారు తప్పుగా భావిస్తారా? వెళ్లివచ్చినవారు దయచేసి తెలియజేయగలరు.