‘ఫ్లెష్’ (1968)లో తెల్లటి మెరుపులు, తెగిపోయే మాటలు: కాపీ పాడైందా?

సినీకిటికీ:
పాల్ మొరిస్సీ ‘ఫ్లెష్’ను ఫిల్మ్ క్లబ్‌లో తెలుగు సబ్‌టైటిల్స్‌తో వేద్దామనుకుంటున్నాం. ఉన్నట్టుండి తెర తెల్లగా మెరుస్తుంది, ‘కీచ్’మని చప్పుడొస్తుంది, మాట సగంలో తెగి ఇంకోటి మొదలవుతుంది. ఇలా చాలా చోట్ల ఉంది. డిస్క్ లోపమా? సరిచేయొచ్చా?

రీలుపెట్టె:
సినిమాయే అలా తీశారండీ. దయచేసి సరిచేయకండి, ఆ సినిమా ప్రాణమే అది.

ఈ సినిమా నిర్మాత, చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ బృందం వాడిన ఆరికాన్ లాంటి 16 ఎంఎం కెమెరాల్లో బొమ్మ, శబ్దం ఒకే ఫిల్మ్ మీద పడతాయి. నటులు మాట్లాడుతుండగానే కెమెరా ఆపి, మళ్లీ ఆన్ చేస్తారు. ఎడిటింగ్ అక్కడే అయిపోతుంది. మోటారు వేగం అందుకునేలోపు ఫిల్మ్ నెమ్మదిగా కదులుతుంది కాబట్టి ఆ కొన్ని ఫ్రేములకు వెలుతురు ఎక్కువ తగిలి తెల్లబోతాయి. ఆ కాస్త ముక్కలో పడిన శబ్దాన్ని మామూలు వేగంతో నడిపితే గొంతు సన్నబడి కీచుమంటుంది.

నిజంగా రీలు తెగి అతికించిన చోటు ఎలా తెలుస్తుందంటే: 16 ఎంఎం ప్రింటులో ఆప్టికల్ శబ్దం (ఫిల్మ్ అంచున ముద్రించి, వెలుతురుతో చదివే శబ్దం) బొమ్మకంటే 26 ఫ్రేములు ముందుంటుంది. ప్రొజెక్టర్‌లో ఫిల్మ్ ముందు బొమ్మ చూపే చోటు దాటి, తర్వాత శబ్దం చదివే చోటుకు చేరుతుంది. అతుకు దగ్గర ముందు బొమ్మ గెంతుతుంది, సెకనుకు కాస్త పైన ‘టప్’మని శబ్దం గెంతుతుంది. రెండూ ఒక్కసారే తెగితే అది కెమెరాలో పడ్డ కట్.

అక్షరాలసాయి:
సబ్‌టైటిల్స్ సంగతి. ఏ లైనూ మెరుపు దాటి నిలవకూడదు. మెరుపుకు ముందు ఫ్రేములోనే ముగించండి. తెగిన మాటను మీరు పూర్తి చేయొద్దు, ‘నేను నిన్న...’ అని అక్కడే వదిలేయండి. పూర్తి చేస్తే ప్రేక్షకుడికి లేని కథ అందుతుంది.

మాటల ఎంపిక ఇంకా ముఖ్యం. జో డలెసాండ్రో చేసిన పాత్ర, దేహం అమ్ముకునే తన పని గురించి సిగ్గుపడదు, గొప్పలూ పోదు. ‘వ్యభిచారం’, ‘పతనం’ లాంటి బరువైన మాటలు వేస్తే సినిమా చేయని తీర్పు మీరు చేసినట్టవుతుంది. ‘బేరం’, ‘గిరాకీ’ చాలు. వయసు మళ్లిన చిత్రకారుడు అతన్ని డిస్కస్ విసిరే గ్రీకు శిల్పంలా నిలబెట్టి దేహారాధన గురించి ఉపన్యాసం ఇస్తాడు చూడండి, అక్కడ మాత్రం ముసలాయనకు కాస్త పుస్తకాల తెలుగు పెట్టండి. జోది వాడుక మాటే ఉంచండి. ఇద్దరి మధ్య దూరం ఆ తేడాలోనే తెలుస్తుంది.

రీలుపెట్టె:
ప్రదర్శనకు ముందు రెండు ముక్కలు చెప్పండి. జో పాత్రను భార్య వీధికి పంపేది తన స్నేహితురాలి గర్భస్రావానికి డబ్బు కోసం. కథ జరిగే న్యూయార్క్‌లో గర్భస్రావం చట్టబద్ధమైంది 1970లో. ఇది తెలియకపోతే ఆ తొందర అర్థం కాదు. రెండోది, 1968 జూన్ 3న వార్‌హోల్ మీద కాల్పులు జరిగాయి. ఆయన కోలుకుంటుండగా మొరిస్సీ దీన్ని తీశాడు, కెమెరా కూడా తనే పట్టాడు. నిర్మాతగా వార్‌హోల్ పేరుండటంతో చాలామంది ఆయనే దర్శకుడనుకుంటారు. ఇందులో నటించిన క్యాండీ డార్లింగ్, జాకీ కర్టిస్‌లకు ఇదే తొలి సినిమా, ఆ సంగతీ చెప్పండి.

సినీకిటికీ:
చాలా మేలు చేశారు. మా షార్ట్ ఫిల్మ్‌లో ఇలాంటి మెరుపు కావాలంటే తెల్ల ఫ్రేము అతికిస్తే సరిపోతుందా?

రీలుపెట్టె:
సరిపోదండీ, నకిలీ అని ఇట్టే తెలిసిపోతుంది. అసలు మెరుపులో బొమ్మ పూర్తిగా చెరిగిపోదు, రంగులు వెలిసి రెండు మూడు ఫ్రేముల్లో మళ్లీ చిక్కబడతాయి. అందుకని కొత్త షాట్ మొదటి ఫ్రేములకే ఎక్స్‌పోజర్ పెంచి, ఒక్కో ఫ్రేముకూ తగ్గించుకుంటూ రండి. ఆ ముక్క శబ్దాన్నీ వేగం పెంచి కలపండి.

ఇంకొకటి, క్లబ్‌లో టీవీ మీద వేస్తే మోషన్ స్మూతింగ్ (కదలికను నునుపు చేసే టీవీ సెట్టింగ్) ఆపేయండి. అది పక్క ఫ్రేములతో కలిపేసి మెరుపును మసకగా అలికేస్తుంది.